టీనేజ్ డ్రైవర్‌కు మొదటి కారు: తక్కువ ఖర్చులో, నడపడానికి హుషారుగా ఉండేది – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మొదటి కారు మాట వచ్చిందంటే పిల్లలు ఒక కారు గురించి, పెద్దలు ఇంకో కారు గురించి మాట్లాడుతుంటారు. వాళ్లకు సరదా కావాలి, వీళ్లకు భద్రత కావాలి, డబ్బేమో ఒకటే సంచిలోంచి రావాలి. మూడూ ఒకే కారులో దొరుకుతాయి. కాకపోతే సరదా దేంట్లో ఉందో ముందు తేల్చుకోవాలి.

సరదా అంటే పవరే కదా? చిన్న ఇంజిన్ కారులో మజా ఏముంటుంది?

కొత్త డ్రైవర్లలో ఎక్కువమంది అనుకునేది ఇదే. కానీ చేతికి, ఒంటికి తెలిసే సరదా ఎక్కువగా బరువు మీద ఆధారపడుతుంది. తేలికైన కారు స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది, బ్రేకు నొక్కగానే ఆగుతుంది, మలుపులో పక్కకు తక్కువగా ఒరుగుతుంది. గేర్ లివర్ స్పష్టంగా పడటం, క్లచ్ ఎక్కడ అందుకుంటుందో కాలికి తెలియడం, సీటు ఒంటిని పట్టి ఉంచడం కూడా సరదాలో భాగమే. ఇవేవీ హార్స్‌పవర్ లెక్కలో కనిపించవు.

1989లో మాజ్డా ఎంఎక్స్-5 వచ్చినప్పుడు దాని ఇంజిన్ 1.6 లీటర్లే, బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. అంకెలు చూసి అదిరిపోయేది ఏమీ లేదు. అయినా రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయింది అదే. 2012లో వచ్చిన టయోటా 86కు ఇంజినీర్లు కావాలనే పెద్దగా గ్రిప్ లేని, సన్నపాటి టైర్లు వేశారు. కారు హద్దు ఎక్కడుందో తక్కువ వేగంలోనే డ్రైవర్‌కు తెలియాలని వాళ్ల ఉద్దేశం.

పవర్ ఎక్కువున్న కారుతో ఇబ్బంది ఏమిటంటే, దాని అసలు సత్తా మామూలు రోడ్డు మీద ఎక్కడా బయటికి రాదు. 50 కి.మీ. వేగంలో అది నిద్రపోతున్నట్టు ఉంటుంది, మేలుకునేసరికి ముల్లు 120 దాటుతుంది. వేగం 50 నుంచి 100కు పెరిగితే కారులో ఉండే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. బ్రేకు నొక్కాక ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చిన్న ఇంజిన్ కారులో రెండో గేరు పూర్తిగా వాడుకున్నా హైవే లాంటి రోడ్ల మీద వేగపరిమితి లోపలే ఉండొచ్చు. పద్దెనిమిదేళ్ల వాళ్లకు కావాల్సిన సరదా ఇదీ.

మరి ఎంత పవర్ ఉంటే సరిపోతుంది?

హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి, దాన్ని బరువుతో పోల్చండి. టన్నుకు 70 నుంచి 100 హార్స్‌పవర్ మధ్య ఉంటే మొదటి కారుకు చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. అలాంటి కార్లు సాధారణంగా పది, పదమూడు సెకన్లలో 100 కి.మీ. వేగం అందుకుంటాయి. 60 కన్నా తక్కువైతే వేగంగా కదులుతున్న హైవే ట్రాఫిక్‌లోకి చేరేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అంటే మరీ నీరసమైన కారు కూడా సురక్షితం కాదు.

టర్బో ఇంజిన్ల దగ్గర, అంటే అదనపు గాలిని లోపలికి తోసి పవర్ పెంచే ఇంజిన్ల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. కాగితం మీద మామూలుగానే కనిపిస్తాయి, కానీ ఒక్కసారిగా వచ్చే తోపు తడి రోడ్డు మీద కొత్త డ్రైవర్‌ను కంగారు పెడుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో రెండో గేరులో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ, తోపు క్రమంగా వస్తుందో లేక ఎగిరి పడుతుందో చూడండి.

భద్రత విషయంలో ఏవి తప్పనిసరి?

బడ్జెట్ ఎంత తక్కువైనా నేను వదలని మొదటి అంశం ఈఎస్‌సీ, అంటే కారు జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దాన్ని దారిలో పెట్టే వ్యవస్థ. 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో బాష్ కంపెనీ సాంకేతికతతో మొదటిసారి వచ్చింది. అమెరికాలో 2012 మోడల్ సంవత్సరం నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి చేశారు. కొత్త డ్రైవర్లు చేసే పొరపాట్లలో ఒకటి మలుపులోకి కాస్త వేగంగా వెళ్లడం, భయపడి స్టీరింగ్ ఒక్కసారిగా లాగేయడం. సరిగ్గా ఆ క్షణంలోనే ఈఎస్‌సీ పనికొస్తుంది.

ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది: ఈఎస్‌పీ, టయోటాలో వీఎస్‌సీ, హోండాలో వీఎస్ఏ, మాజ్డాలో డీఎస్‌సీ. పేరు కోసం వెతికే బదులు కీ తిప్పినప్పుడు డాష్‌బోర్డు చూడండి. కారు బొమ్మ, దాని వెనక వంకర గీతలు ఉన్న పసుపు దీపం వెలిగి ఆరిపోతే ఆ కారులో అది ఉన్నట్టే.

తర్వాత బ్రేకు గట్టిగా నొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్, ముందు ఇద్దరికీ ఎయిర్‌బ్యాగులు, వీలైతే పక్క నుంచి తల దాకా కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, అన్ని సీట్లకూ మూడు చోట్ల బిగించే బెల్టులు. లేన్ హెచ్చరికలు, దానంతటదే బ్రేకు వేసే వ్యవస్థ ఉంటే మంచిదే. అయితే వాటి కోసం టైర్ల డబ్బు ఖర్చుపెట్టకండి.

క్రాష్ టెస్ట్ స్టార్లను ఎలా అర్థం చేసుకోవాలి?

స్టార్ల పక్కన సంవత్సరం కూడా చూడాలి. కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 1997లో ఫలితాలు ప్రకటించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి పరీక్షలను కష్టతరం చేస్తూ వస్తోంది. 2008లో అయిదు స్టార్లు తెచ్చుకున్న కారును, 2020లో నాలుగు తెచ్చుకున్న కారును పక్కపక్కన పెట్టి మొదటిదే మేలని చెప్పలేం.

ఇంకో సంగతి. ఒకే పేరుతో అమ్ముడయ్యే కారు వేర్వేరు దేశాల్లో వేర్వేరుగా తయారవుతుంటుంది. ఎయిర్‌బ్యాగుల సంఖ్య మారుతుంది, కొన్నిసార్లు బాడీ గట్టితనమే మారుతుంది. మీరు కొనే చోట అమ్మిన వెర్షన్ ఫలితమే చూడండి. అలాగే ఈ స్టార్లు దాదాపు అంతే బరువున్న కార్ల మధ్య పోలికకే పనికొస్తాయి. అయిదు స్టార్ల చిన్న కారు పెద్ద వాహనాన్ని ఢీకొంటే బరువు తక్కువ ఉన్నదానికే ఎక్కువ దెబ్బ. తేలికైన కారు సరదా అని పైన చెప్పింది నేనే, అందుకే ఈ మాట కూడా చెప్పాలి: మార్కెట్లో ఉన్న అన్నింటికన్నా చిన్న కారు జోలికి వెళ్లకుండా, దానికన్నా ఒక మెట్టు పైనున్న హ్యాచ్‌బ్యాక్ చూడండి.

పాతకాలపు క్లాసిక్ కారు కొనుక్కుంటానంటున్నారు. సరేననవచ్చా?

రెండో కారుగా అయితే సరే. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేని కారులో కొత్త డ్రైవర్‌ను రోజూ రోడ్డు మీదికి పంపకండి.

పేర్లు చెప్పండి. ఏ కార్లు చూడాలి?

ఏవి దొరుకుతాయన్నది చోటును బట్టి మారుతుంది కాబట్టి వీటిని ఉదాహరణలుగానే తీసుకోండి.

నడిపే సరదా కోసమైతే మాజ్డా 2, మాజ్డా 3. రెండింట్లోనూ స్టీరింగ్ చక్కగా పలుకుతుంది. సుజుకి స్విఫ్ట్ ఎప్పటినుంచో తేలికైన కారు. 2017 తరంలో స్పోర్ట్ వెర్షన్ కూడా టన్ను లోపే ఉంటుంది, కాకపోతే అది టర్బో, పైన చెప్పిన జాగ్రత్త దానికీ వర్తిస్తుంది. మామూలు స్విఫ్టే మొదటి కారుగా ఎక్కువ నప్పుతుంది. ఫోర్డ్ ఫియస్టా తయారీ 2023లో ఆగిపోయింది గానీ, సెకండ్ హ్యాండ్‌లో మలుపుల మీద దానంత హుషారుగా తిరిగే చవకైన కార్లు తక్కువ. కొంటే మాన్యువల్ గేర్లదే కొనండి. 2010 దశకంలో ఫియస్టా, ఫోకస్‌లలో వచ్చిన పవర్‌షిఫ్ట్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీద అమెరికా, ఆస్ట్రేలియాల్లో కోర్టు కేసులే నడిచాయి. ఫోక్స్‌వ్యాగన్ పోలో కాస్త గంభీరమైన కారు, హైవే మీద కుదురుగా ఉంటుంది.

హోండా జాజ్ ఈ జాబితాలో ఎందుకని అడగొచ్చు. కొన్ని దేశాల్లో దీని పేరే ఫిట్. పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కింద ఉండటం వల్ల వెనక సీటు అడుగుభాగం పైకి మడిచి, సైకిలు లాంటివి నిలబెట్టి పెట్టుకోవచ్చు. క్యాంపింగ్‌కు వెళ్లేవాళ్లకు, గిటారూ యాంప్లిఫయరూ మోసుకు తిరిగేవాళ్లకు ఇదీ ఒక సరదానే. అందరికీ సరదా మలుపుల్లోనే ఉండదు.

రెండు సీట్ల కారు మొదటి కారుగా పనికొస్తుందా?

చాలామంది పెద్దలు వెంటనే వద్దనేస్తారు. కానీ దానికి ఒక మంచి గుణం ఉంది: నలుగురు స్నేహితులు ఎక్కలేరు. తోటి వయసువాళ్లు ఎక్కేకొద్దీ టీనేజ్ డ్రైవర్‌కు ప్రమాదం అవకాశం పెరుగుతుందని చాలా దేశాల్లో అధ్యయనాలు చూపించాయి. 1987లో న్యూజిలాండ్ దశలవారీ లైసెన్సు విధానం తెచ్చినప్పుడు రాత్రి డ్రైవింగ్ మీద, ప్రయాణికుల మీద ఆంక్షలు పెట్టింది అందుకే. తర్వాత చాలా చోట్ల అదే దారి పట్టారు.

ఇక ఇబ్బందులు. ఎంఎక్స్-5 లాంటి కార్లలో వెనక చక్రాలకు పవర్ వెళుతుంది, తడి రోడ్డు మీద తొందరపడితే వెనక భాగం జారుతుంది. ఈఎస్‌సీ ఉన్న తరం, టైర్లు మంచివి, నడిపేవాళ్లు నిదానస్తులు అయితే నాకు అభ్యంతరం లేదు. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా ముందు చక్రాలు లాగే హ్యాచ్‌బ్యాకే నయం.

మాన్యువలా, ఆటోమేటిక్కా?

సరదా వరకే అయితే మాన్యువల్. అందులో సాధారణంగా ధర తక్కువ, రిపేరు తేలిక, చెయ్యీ కాలూ పనిలో ఉంటాయి కాబట్టి ఫోను పట్టుకోవడం కొంచెం కష్టం. రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకు ఆటోమేటిక్ హాయి. సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. తెల్లమొహం వేస్తే వేరే కారు చూసుకోండి.

బడ్జెట్ మొత్తం కారు ధరకే పెట్టవచ్చా?

వద్దు. చేతిలో ఉన్న వందలో డెబ్బయి అయిదుకు మించి కారుకు పెట్టకండి. మిగతా పాతికలోంచి ముందుగా మంచి టైర్లు, తర్వాత బ్రేకు ప్యాడ్లు, ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్. ఇంకా మిగిలితే ఖాళీ మైదానంలో బ్రేకింగ్, జారుడు అదుపు నేర్పే ఒకరోజు శిక్షణకు పెట్టండి. ఏబీఎస్ పనిచేస్తుంటే పెడల్ కాలికింద ఎలా కొట్టుకుంటుందో ముందే తెలిసినవాళ్లు, నిజంగా అవసరమైనప్పుడు కాలు వెనక్కి తీయరు.

ఇన్సూరెన్స్, ఇంధనం, సర్వీసు, పార్కింగ్ కలిపి నెలకు ఎంతవుతుందో లెక్క కట్టి, అందులో ఒక వంతైనా పిల్లల సంపాదన నుంచో చేతిఖర్చు నుంచో పెట్టించండి. పెట్రోలు డబ్బు వాళ్లదైతే ఊరికే చక్కర్లు కొట్టడం దానంతటదే తగ్గుతుంది.

పాత లగ్జరీ కారు కొత్త హ్యాచ్‌బ్యాక్ కన్నా చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. కారు ధర పడిపోయింది గానీ స్పేర్ పార్టుల ధర పడిపోలేదు. ఎయిర్ సస్పెన్షన్ ఒక్కసారి పాడైతే బిల్లు కారు ధరతో పోటీ పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి?

ముందుగా, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఎందుకని అడగండి. స్టార్టింగ్ ఇబ్బంది, మొదట్లో వచ్చే నీలం పొగ, ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ గలగల, ఇవన్నీ చల్లటి ఇంజిన్‌లోనే బయటపడతాయి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వచ్చే దట్టమైన తెల్లపొగ అంటే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, లోపలికి పోతుండవచ్చు.

కీ తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం, ఇంజిన్ దీపం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపాన్ని దాచడానికి బల్బు తీసేసి ఉండొచ్చు, అది వెలిగి ఉండిపోవడం కన్నా అనుమానించాల్సిన విషయం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే చోటు) చవకైన స్కానర్ పెట్టి చూడండి. కోడ్‌లు ఏమీ లేవని సంబరపడకండి, సెల్ఫ్ టెస్టులు పూర్తయ్యాయో లేదో కూడా చూడండి. చాలా టెస్టులు అసంపూర్ణం అని చూపిస్తే, మీరు రాబోయే ముందే ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. బ్యాటరీ మార్చినా అలాగే చూపిస్తుంది, కాబట్టి అడిగి తెలుసుకోండి.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. బురద మరక, తేమ వాసన ఉంటే ఆ కారు నీళ్లలో మునిగి ఉండొచ్చు. బానెట్, తలుపుల బోల్టుల మీద పెయింటు చెదిరి ఉంటే ఎప్పుడో విప్పి బిగించారన్నమాట. తలుపుల మధ్య సందులు రెండువైపులా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఓడోమీటర్ తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ తోలు అరిగిపోయి ఉంటే ఓడోమీటర్‌ను నమ్మకండి.

టైరు పక్కన డాట్ అని అచ్చువేసిన వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ముందు టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగితే అలైన్‌మెంటో (చక్రాల కోణాల అమరిక) సస్పెన్షనో సరిగా లేదు. చాలా దేశాల్లో చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి, కానీ వానలో గ్రిప్ అంతకు ముందే బాగా తగ్గిపోతుంది. 3 మి.మీ. దగ్గర మార్చేయడం మంచిది.

ఇంజిన్‌లో వాల్వులను సమయానికి కదిలించేది టైమింగ్ బెల్టా, టైమింగ్ చైన్ (గొలుసు) అా అన్నది తెలుసుకోండి. బెల్టు అయితే ఎప్పుడు మార్చారో రసీదు చూపమనండి. అది తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజినే పోతుంది. చివరికి, అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్ చేత ఒకసారి లిఫ్టు మీద చూపించండి. అందుకు ఒప్పుకోని కారు ఎంత మెరిసిపోతున్నా వదిలేయండి.

తక్కువ తిరిగిన పాత కారా, ఎక్కువ తిరిగిన కొత్త కారా?

సర్వీసు రికార్డు ఉంటే రెండోదే. హైవే మీద క్రమం తప్పకుండా తిరిగిన కారు, షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కారు కన్నా ఆరోగ్యంగా ఉంటుంది. పైగా కొత్త కారులో భద్రత ఏర్పాట్లు కూడా మెరుగ్గా ఉంటాయి.

ఇన్సూరెన్స్ తగ్గాలని పాలసీ పెద్దవాళ్ల పేరు మీద తీసుకోవచ్చా?

నిజంగా కారు ఎక్కువగా నడిపేది పెద్దవాళ్లే అయితే తీసుకోవచ్చు. నడిపేది పిల్లలై, కాగితం మీద మాత్రం అమ్మో నాన్నో ప్రధాన డ్రైవర్ అయితే చాలాచోట్ల దాన్ని మోసంగా చూస్తారు, క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. కారు ఖాయం చేసుకోకముందే రెండు మూడు మోడళ్లకు ప్రీమియం కనుక్కోండి. ఒకే కారులో స్పోర్ట్ అన్న పేరు తగిలించిన వెర్షన్‌కే ఎంత తేడా వస్తుందో చూస్తే చాలా వాదనలు అక్కడికక్కడే ముగిసిపోతాయి.

ఎలక్ట్రిక్ కారు ఎలా ఉంటుంది?

ఊళ్లో తిరగడానికి బ్రహ్మాండం. నడిపే ఖర్చు తక్కువ, చడీచప్పుడు లేని తక్షణ పికప్ సరదాగానే ఉంటుంది. అదే పికప్ కొత్త కాలికి కొంచెం ఎక్కువ కూడా, కాబట్టి ఎకో మోడ్‌తో మొదలుపెట్టించండి. బ్యాటరీ బరువు వల్ల మలుపుల్లో చిన్న పెట్రోలు కారు చురుకు మాత్రం రాదు. 2010లో వచ్చిన మొదటి తరం నిస్సాన్ లీఫ్ సెకండ్ హ్యాండ్‌లో చవక, కానీ దాని బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. వేడి ప్రాంతాల్లో తిరిగినవి త్వరగా సామర్థ్యం కోల్పోయాయి. డాష్‌బోర్డులో బ్యాటరీ సామర్థ్యాన్ని చూపే 12 గడుల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

ఎస్‌యూవీ ఎత్తుగా, గట్టిగా ఉంటుంది కదా?

ఎత్తుగా ఉంటుంది, నిజమే. ఆ ఎత్తే మలుపుల్లో ఒరగడానికీ, పాత మోడళ్లలో బోల్తా పడటానికీ కారణం. టైర్లు, ఇంధనం అన్నీ ఎక్కువ ఖర్చు.

కారుకు మార్పులు చేసుకుంటానంటున్నారు. దేనికి ఒప్పుకోవాలి?

పాటల సిస్టమ్, సీటు కవర్లు, కీచెయిన్లు వాళ్ల ఇష్టం. స్ప్రింగులు కత్తిరించి కారును కిందికి దించడం, సైజు మించిన చక్రాలు వేయడం మాత్రం వద్దు. సస్పెన్షన్ లెక్కంతా తప్పుతుంది, కారు చూడటానికి దూకుడుగా, నడపడానికి దరిద్రంగా తయారవుతుంది. పైగా చేసిన ప్రతి మార్పూ ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి. నిజంగా కారు బాగా నడవాలంటే మంచి టైర్లు, అలైన్‌మెంట్, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ చాలు. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. ఇవి అయ్యాక కారు ఎలా మారిందో వాళ్లే చెబుతారు.

ఎక్కడ తిరుగుతున్నారో, ఎంత వేగంలో వెళుతున్నారో ఫోనులో చూసే యాప్ పెట్టవచ్చా?

చెప్పి పెట్టండి. దొంగచాటుగా పెడితే తెలిసిన రోజున నమ్మకం పోతుంది, ఫోను ఇంట్లో వదిలి వెళ్లడం కూడా నేర్చుకుంటారు. కొన్ని కార్లలో ఈ సౌకర్యం కీలోనే ఉంటుంది. ఫోర్డ్ 2010 మోడళ్లతో తెచ్చిన మైకీ, పిల్లలకిచ్చే కీతో కారు నడిపితే గరిష్ఠ వేగాన్నీ పాటల శబ్దాన్నీ తగ్గించేది. మొదటి ఆరు నెలలు పెట్టుకుని, సజావుగా గడిస్తే తీసేస్తామని ముందే మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఏ రంగు?

పిల్లలు అడిగిందే. బేరంలో పెద్దలు ఓడిపోవాల్సిన చోటు ఒకటి ఉండాలి కదా.

కొన్నాక మొదటి వారంలో ఏం చేయాలి?

టైరు మార్చడం ఇంటి ముందే ఒకసారి చేయించండి. జాకీ ఉందో లేదో, స్పేర్ టైరులో గాలి ఉందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనో పెట్రోలు మూత లోపలో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి గాలి కొట్టించకూడదు. ఇంజిన్ ఆయిల్ మట్టం చూడటం, కూలెంట్ మూత వేడి ఇంజిన్ మీద తీయకూడదన్న సంగతి చూపించి చెప్పండి. రాత్రి పూట, వానలో నడపడం మొదటి కొన్ని సార్లు పక్కన పెద్దవాళ్లు కూర్చుని ఉండగా జరగాలి. పక్కన కూర్చున్నవాళ్లు లేని బ్రేకును కాలితో తొక్కకుండా ఉండగలిగితే మరీ మంచిది.